కుట్లు పడిన గాయము - ఇంటివద్ద జాగ్రత్తలు



గడచిన శీతకాలమున మన గోండ్‌పిప్రి సంఘ సభ్యులొకరికి వీపు మీది కొవ్వుగడ్డను డాక్టరు తీసివేసి ఐదు కుట్లు వేసినారు. "ఇంత చిన్నదానికి మగ్గము ఆపుటెందుకు?" అని ఆయన నాలుగవనాడే గుంటలో దిగినారు. నాడె విసరినప్పుడల్లా వీపు చర్మము లాగుకొని, ఆరవనాటికి గాయము నోరు తెరచినది. వారము రోజుల కూలి మిగులుననుకొన్నచోట నెల రోజుల కూలి పోయినది. పండుగ సరకునకు గడువున్నదని ఆయనకు కబురు పంపినది మేమే. కనుక ఈ పాఠము మాకును అవసరమే.

తెగిన పడుగు పోగును అతికిన మరుక్షణమే నేత సాగింపవచ్చును. చర్మము అట్టిది కాదు. కుట్టు గాయపు అంచులను దగ్గరగా పట్టియుంచును, అంతే. అతుకవలసినది శరీరమే. రెండు వారములకు ఆ చోట పూర్వపు బలములో సుమారు పదవ వంతు మాత్రమే వచ్చును. మూడు నెలలకు నూటికి ఎనుబది వంతులు వచ్చును. పైకి మానినట్లు కనబడినను లోపల ఇంకను పచ్చిగానే యుండునని గ్రహింపవలెను.

మొదటి 48 గంటలు: డాక్టరు వేరుగా చెప్పనిచో కట్టు విప్పరాదు, తడుపరాదు. రక్తము ఊరినచో శుభ్రమైన గుడ్డతో పదిహేను నిమిషములు ఎడతెగక అదిమి పట్టవలెను. ఆగినదో లేదో యని నడుమ ఎత్తి చూడరాదు. అప్పటికిని ఆగకున్న ఆసుపత్రికి పోవలెను.

తరువాత: చేతులు సబ్బుతో కడుగుకొని, గాయమును సబ్బునీటితో మెల్లగా కడిగి, రుద్దక అద్ది ఆరబెట్టవలెను. చెరువులో మునుగరాదు. చేతికి కుట్లున్నవారు గంజి పెట్టుట, రంగు తొట్టిలో చేయి ముంచుట మానవలెను. కాస్టిక్ సోడా తగిలినచో పచ్చి చర్మము కాలిపోవును. కాలికి కుట్లున్నవారు తొక్కుడు పలకల జోలికి పోరాదు.

పసుపు, సున్నము, కాఫీపొడి, కిరసనాయిలు, బూడిద గాయముపై వేయరాదు. డాక్టరు వ్రాసిన మందే పూయవలెను. ధనుర్వాతపు సూది వేయించుకొని ఎన్నేండ్లయినదో డాక్టరుకు చెప్పవలెను.

ఆహారము: పప్పు తిన్న చీము పట్టునని మన ఇండ్లలో పెద్దలు పథ్యము పెట్టుదురు. చీము పట్టునది సూక్ష్మక్రిముల వలన, పప్పు వలన కాదు. కొత్త చర్మము కట్టుటకు మాంసకృత్తులు కావలెను. అవి పప్పు, గ్రుడ్డు, పాలు, చేపలలో ఉన్నవి. నిమ్మ, ఉసిరి కూడ మేలు చేయును. బీడీ త్రాగువారికి గాయము ఆలస్యముగా మానును. చక్కెర వ్యాధి గలవారు దానిని అదుపులో నుంచుకొనవలెను.

కుట్లు తీయుట: ఇక్కడి డాక్టర్లు మరాఠీలో "టాకే" అనునవి ఈ కుట్లే. అవి ఏనాడు తీయుదురో అడిగి చీటీపై తారీఖు వ్రాయించుకొనవలెను. సాధారణముగా ముఖమునకు 5 నుండి 7, తలకు, చేతికి 7 నుండి 10, వీపు, కాలు, కీళ్ళకు 10 నుండి 14 దినములు పట్టును. కొన్ని దారములు వాటంతట అవే కరగిపోవును. బ్లేడుతో ఇంటివద్ద తీసికొనుట ప్రమాదము.

మొదటి రెండు మూడు దినములు కొద్దిపాటి ఎరుపు, నొప్పి సహజము. ఎరుపు నానాటికి వ్యాపించుట, వేడి, వాపు, చీము, దుర్వాసన, జ్వరము, గాయము నుండి ఎర్రని చార సాగుట - ఇందులో ఏది కనబడినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సంతనాటి వరకు ఆగరాదు.

కుట్లు తీసిన తరువాతను కొన్ని వారములు బరువు లెత్తరాదు. మగ్గముపై మొదట గంటసేపు కూర్చుండి, లాగుడు లేనిచో క్రమముగా పెంచుకొనవలెను. చేతికి గాయము లేనివారు ఆ లోపల కండెలు చుట్టవచ్చును.

ఇకమీదట కుట్లున్న సభ్యుని మేము గడువు అడుగము. డాక్టరు చీటీ చూపిన చాలును. ఆలస్యమైన చీరకు కొనువారు మరల దొరకుదురు. మన నేతగాని వీపు మాత్రము ఒక్కటే.