హెడ్‌సెట్ కొనబోయే మన పైలట్ పిల్లలకు

బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి ఇప్పుడు పిల్లలు పైలట్ శిక్షణకు కూడా వెళ్తున్నారు. వెళ్లేముందు కొందరు మంగినపూడిలో మా ఇంటికి వస్తారు. ఏ స్కూలు మంచిది, ఖర్చెంత అవుతుంది అని అడుగుతారు. అన్నీ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ‘హెడ్‌సెట్ ఏది కొనమంటారు తాతగారూ?’ అంటారు. నాకు ఎక్కువ చెప్పాలనిపించేది దాని గురించే. నేను హకీంపేటలో హెలికాప్టర్ నేర్చుకుని, చాలా ఏళ్లు నడిపి, ఆ తర్వాత బేగంపేటలో చిన్న విమానాల మీద పిల్లలకు నేర్పినవాణ్ణి. మోత మనిషి చెవిని ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూశాను.

1. పోయిన వినికిడి తిరిగి రాదు

గిలకలదిండి రేవులో డీజిల్ ఇంజిన్ పక్కన జీవితం గడిపిన బోటు డ్రైవర్లను గమనించండి. పక్కన కూర్చున్న మనిషితో కూడా గొంతెత్తి మాట్లాడతారు. గుడివాడ రైసుమిల్లుల్లో పనిచేసిన పెద్దవాళ్లలోనూ ఇది కనబడుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక్క గంట. ఒంటి ఇంజిన్ శిక్షణ విమానంలో మోత 90 అటూ ఇటూగా ఉంటుంది, పైకి లేచేటప్పుడు ఇంకా పెరుగుతుంది. కమర్షియల్ లైసెన్సుకు మీరు 200 గంటలు ఎగరాలి. ఉద్యోగం ఆ తర్వాతే మొదలవుతుంది.

సాధారణంగా ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని ధ్వనులను వినే శక్తి. ‘స’, ‘ఫ’ లాంటి హల్లులకు పదునిచ్చేది ఆ పై స్థాయి ధ్వనులే. ‘ఫైవ్’, ‘నైన్’ ఒకదానికొకటి పొరపడకుండా రేడియోలో ‘నైనర్’ అని పలికిస్తారు. పలికేవాడు ఎంత జాగ్రత్తపడినా వినేవాడి చెవి బాగుండాలి కదా.

2. ఏ మోత తగ్గుతుందో తెలుసుకుని కొనండి

రెండు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2400 సార్లు తిరిగితే సెకనుకు 40 చుట్లు, అంటే 80 దెబ్బలు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పేలుళ్లూ ఆ వేగంలో సెకనుకు 80. తల మొద్దుబారేలా చేసే బరువైన గుంయ్యిమనే మోత ఇదే. ఎంత మందపు కప్పు పెట్టినా ఇలాంటి లోతైన ధ్వని దూరి వస్తుంది. అక్కడ పనికొచ్చేది ఏఎన్ఆర్ (యాక్టివ్ నాయిస్ రిడక్షన్). కప్పు లోపలున్న చిన్న మైకు ఆ మోతను విని, దానికి సరిగ్గా ఎదురు అలను స్పీకర్ నుంచి పంపిస్తుంది. రెండూ కలిసి చాలావరకు చల్లారిపోతాయి. కీచుమనే పై స్థాయి ధ్వనులను ఆపేది మాత్రం కప్పు, దాని దిండే. అందుకే కప్పు సరిగా అతకని ఏఎన్ఆర్ హెడ్‌సెట్‌కు డబ్బు పోయడం దండగ.

ఎదురు అలతో మోతను చల్లార్చే ఈ ఆలోచన పాతదే. జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌కు 1936లోనే అమెరికా పేటెంటు వచ్చింది. ఎమ్మైటీలో ప్రొఫెసరైన అమర్ బోస్ 1978లో జూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలోనే దీని లెక్కలు వేశాడు. 1986లో డిక్ రూటన్, జీనా యేగర్ వాయేజర్ విమానంలో ఎక్కడా ఆగకుండా తొమ్మిది రోజులు భూమి చుట్టివచ్చినప్పుడు బోస్ కంపెనీ నమూనా హెడ్‌సెట్లు వాడారు. 1989లో అవి అమ్మకానికి వచ్చాయి. ఏఎన్ఆర్ ఎవరి సౌకర్యానికో పుట్టిన సోకు కాదని చెప్పడానికే ఇదంతా.

3. రెండు గంటలు పెట్టుకుని చూడకుండా కొనొద్దు

కొట్లో అయిదు నిమిషాలు పెట్టుకుంటే ఏ హెడ్‌సెటైనా హాయిగానే ఉంటుంది. అసలు సంగతి గంట దాటాక తెలుస్తుంది. మాడు మీద ఒకచోట చుక్కలా నొప్పి మొదలై, కాసేపటికి కణతలకు పాకుతుంది. సీనియర్ల దగ్గరో, ఇన్‌స్ట్రక్టర్ దగ్గరో అడిగి తీసుకుని ఇంట్లో ఫ్యాను ఆపి రెండు గంటలు పెట్టుకోండి. మన వైపు మే నెల ఉక్కపోతలో అయితే మరీ మంచిది. ఎండలో నిలిపిన విమానంలో కూర్చుని క్లియరెన్స్ కోసం ఎదురుచూసేటప్పుడు ఉండే పరిస్థితి దాదాపు అదే.

బరువు చూసి మోసపోకండి. చాలా హెడ్‌సెట్లు 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటాయి. బరువుకన్నా నొక్కుడు ముఖ్యం. మరీ బిగుతైతే తలనొప్పి, మరీ వదులైతే మోత లోపలికి వస్తుంది. బ్యాండు సర్ది, చెవి మొత్తం కప్పులో ఇమిడిందా, చెవి అంచు దిండు కింద నలుగుతోందా అని వేలితో తడిమి చూసుకోండి. చెవులు పెద్దగా ఉన్నవాళ్లకు చిన్న కప్పులు పనికిరావు. టోపీ పెట్టుకునే అలవాటుంటే దాని నడినెత్తిన ఉండే గుండీ బ్యాండు కింద పడకూడదు.

ఆడపిల్లలకు ఇంకో మాట. దిద్దులు, జూకాలు తీసి సంచిలో వేసుకోండి. దిద్దు వెనక శీల చెవి వెనక ఎముకకు గుచ్చుకుంటే ల్యాండింగ్ మీద ధ్యాస నిలవదు. క్లిప్పు బ్యాండు కింద లేకుండా జడ వేసుకోండి.

4. కళ్లజోడుతో సహా పరీక్షించండి

కళ్లజోడు కాడ దిండు కింద నుంచి వెళ్లినచోట సన్నని సందు ఏర్పడుతుంది. ఎగురుతున్నప్పుడు కాడ దగ్గర దిండును వేలితో నొక్కి చూడండి. మోత ఒక్కసారిగా తగ్గితే ఆ సందు పెద్దదే. పలచటి, తిన్నని కాడలున్న జోడు చేయించుకోండి. చలువ కళ్లజోడు కూడా అలాంటిదే ఉండాలి. జెల్ దిండ్లు కాడ చుట్టూ బాగా సర్దుకుంటాయి, కాకపోతే బరువు, వేడి ఎక్కువ. మెత్తటి స్పాంజి దిండు మీద నూలు తొడుగు మన వాతావరణానికి సుఖం. ఆ తొడుగు వల్ల మోత కొంచెం పెరుగుతుంది. నేనైతే చెమటలో జారే దిండుకన్నా దాన్నే ఎంచుకుంటాను.

5. పిన్ను, మైకు

మన శిక్షణ విమానాల్లో ఎక్కువగా రెండు పిన్నులు ఉంటాయి. లావుది వినడానికి, సన్నది మాట్లాడటానికి. హెలికాప్టర్లకు ఎక్కువగా ఒకటే పిన్ను, ఎయిర్‌బస్‌లో అయిదు కాళ్ల పిన్ను. రేపు ఎటు వెళ్లాలనుకుంటున్నారో ఆలోచించుకోండి. తీగ మార్చుకోవడానికి వీలున్న మోడలైతే మేలు. చవగ్గా దొరికే మిలిటరీ పాత హెడ్‌సెట్ల జోలికి పోకండి. వాటి మైకు తక్కువ ఇంపీడెన్స్‌ది, దాదాపు 5 ఓమ్స్. సివిల్ రేడియోకు అది సరిపడదు, టవర్‌కు మీ మాట వినబడదు.

పాటలు వినే ఇంటి హెడ్‌ఫోన్‌కు మైకు తగిలించి వాడేవాళ్లూ ఉన్నారు. విద్యార్థులకు అది వద్దు.

6. బ్యాటరీ

ఏఎన్ఆర్ నడిపే బ్యాటరీ అయిపోయినా రేడియో వినబడుతూనే ఉండాలి. కొనేటప్పుడు స్విచ్ ఆపి మాట్లాడి చూడండి. జేబులో ఎప్పుడూ రెండు కొత్త పెన్సిల్ సెల్స్ ఉండాలి.

7. ఇంజిన్ మాట కూడా వినాలి

మోత బాగా తగ్గాక కొందరు ఇంజిన్‌ను మర్చిపోతారు. ఇంజిన్ పట్టు తప్పే ముందు వచ్చే చిన్న తేడా, రెక్కలకు లేపే బలం తగ్గబోతుంటే మోగే స్టాల్ హార్న్ మీ హెడ్‌సెట్‌లో ఎలా వినబడతాయో మొదటి వారంలోనే ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని తెలుసుకోండి. చెవికి అందనిదాన్ని కన్ను పట్టాలి, ఆయిల్ ప్రెషర్, ఆర్‌పీఎమ్ గడియారాల మీద చూపు తిరుగుతూ ఉండాలి. బ్లూటూత్ పాటలు శిక్షణ అయ్యేదాకా వద్దు.

8. అప్పు చేసి ఖరీదైనది కొనక్కర్లేదు

రొయ్యల పంట మీదో, పొలం మీదో అప్పు తెచ్చి ఫీజు కట్టిన తల్లిదండ్రులున్నారు. పేరున్న ఏఎన్ఆర్ హెడ్‌సెట్ వెయ్యి డాలర్లు దాటుతుంది. డేవిడ్ క్లార్క్ లాంటి మామూలు హెడ్‌సెట్ దాని ధరలో సగం కూడా ఉండదు. ఆ ఆకుపచ్చ కప్పులు దశాబ్దాలుగా నిలబడ్డాయి. దాని కింద మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, రేడియో సౌండు కొంచెం పెంచుకుంటే చెవులకు చాలా రక్షణ. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి లోపలికి దోపి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోండి. పైపైన పెడితే ఉపయోగం లేదు. ఉద్యోగం వచ్చాక ఏఎన్ఆర్ కొనుక్కోవచ్చు.

9. సముద్రపు గాలిలో జాగ్రత్త

ఇంటికి తెస్తే బీరువాలో మూసిపెట్టకండి. చెమట తడితో పెట్టిన దిండు మన ఊళ్ల గాలిలో బూజు పడుతుంది, పై తోలు పెచ్చులు లేస్తుంది. ఎగిరి వచ్చాక పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరనివ్వండి. దిండు గట్టిపడినా చీలినా మార్చేయండి, హెడ్‌సెట్ ధరతో పోలిస్తే అది కొద్దిపాటి ఖర్చు. మైకు మీది స్పాంజి తొడుగు కూడా మార్చండి. చెవిలో దురద గానీ, చీము గానీ ఉన్నప్పుడు ఇంకొకరి హెడ్‌సెట్ అడగొద్దు, మీది ఇవ్వొద్దు.

10. మొదటి ఆడియోగ్రామ్ కాగితం దాచుకోండి

క్లాస్ 1 మెడికల్‌లో వినికిడి పరీక్ష ఉంటుంది. దాని ఫలితాన్ని గీతగా చూపే కాగితమే ఆడియోగ్రామ్. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి లోపం 35 డెసిబెల్స్ దాటకూడదు, 3000 దగ్గర 50 దాటకూడదు. పాసయ్యాం కదా అని ఆ కాగితాన్ని మర్చిపోతారు. 4000 దగ్గరి గీత ఈ హద్దుల్లో లేదు, కానీ ముందు కిందికి వంగేది అక్కడే. ప్రతి పరీక్ష కాగితాన్నీ మొదటిదాని పక్కన పెట్టి ఆ ఒక్కచోట చూడండి. పది డెసిబెల్స్ జారినట్టు కనబడితే చెవి డాక్టరుకు చూపించండి. హెడ్‌సెట్ దిండ్లు, కళ్లజోడు కాడలు, ప్లగ్‌లు పెట్టుకునే తీరు మళ్లీ మొదట్నుంచి సరిచూసుకోండి.