ఇంటి స్థలము మెరక చేయుటకు ముందు

పుదుచ్చేరి పట్టణము సముద్రతీరమున, ఇంచుమించు సమతలమైన నేలపై వెలసినది. ఇట్టిచోట వాననీరు కొద్దిపాటి వాలు ననుసరించియే కాలువలకు, అచ్చటినుండి సముద్రమునకు చేరవలయును. ఒక గృహస్థుడు తన స్థలమును రెండడుగులు మెరక చేసి నీటిదారిని మూసినచో, ఆ నీరు పొరుగువాని వాకిట నిలుచును.

2024 నవంబరు 30, డిసెంబరు 1 తేదీలలో ఫెంగల్ తుపాను వలన ఇచ్చట 24 గంటలలో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసెను. కృష్ణానగర్, రెయిన్‌బో నగర్ మున్నగు పేటలు జలమయమయ్యెను. అంత వాన 100 చదరపు మీటర్ల స్థలముపై పడినచో 46,000 లీటర్ల నీరగును. ఆ నీటికి దారి చూపుట ఆ స్థలము గలవాని బాధ్యత.

ఆరోగ్యముతో సంబంధము

మురుగునీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ బోదవ్యాధిని వ్యాపింపజేయును. తేటనీరు నిలిచిన తొట్లలో డెంగీ దోమ పెరుగును. గ్రుడ్డు దోమ యగుటకు వారము పది దినములు చాలును. వరదనీరు సెప్టిక్ ట్యాంకులలో చొచ్చి త్రాగునీటితో కలిసినచో అతిసారము, కామెర్లు ప్రబలును. 1981 నుండి 1985 వరకు కీటకవాహక నియంత్రణ పరిశోధనా కేంద్రమువారు ఈ పట్టణముననే, నీరు నిలుచు చోట్లను తొలగించుట ముఖ్యసాధనముగా బోదవ్యాధి నివారణకు కృషి చేసిరి.

చట్టము

ఇది క్రొత్త నియమము కాదు. 1819లో ఇచ్చట అమలునకు వచ్చిన ఫ్రెంచి సివిల్ కోడు 640వ అధికరణము ప్రకారము, సహజముగా పారివచ్చు నీటిని పల్లపు నేలవాడు అడ్డగించరాదనియు, మెరక నేలవాడు ఆ భారమును పెంచరాదనియు నియమముండెను. 681వ అధికరణము ప్రకారము, ఇంటికప్పు నీరు సొంత నేలమీదనో వీధిలోనో పడవలయునే గాని పొరుగువాని నేలపై పడరాదని నియమముండెను.

1969 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టము క్రింద కట్టడములే గాక, భూమిపై జరుపు ఇంజనీరింగు పనులు కూడ "అభివృద్ధి"గా పరిగణింపబడును. కావున మన్ను తోలించుటకు ముందే పుదుచ్చేరి ప్రణాళికా ప్రాధికార సంస్థను సంప్రదించి, అనుమతి విషయము తెలిసికొనవలయును.

గృహస్థులు గమనింపవలసినవి

1. దరఖాస్తుతో నిచ్చు పటములో వీధిమట్టము, పునాదిమట్టము, నీరు పోవు దిక్కు స్పష్టముగా చూపవలయును.

2. గోడనుండి వెలుపలికి మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఉంచవలయును.

3. కప్పునీటిని ఇంకుడుగుంటకు మళ్లింపవలయును. మరుగుదొడ్డి నీటిని వాననీటి కాలువలో విడువరాదు.

4. వీధికాలువను పూడ్చి మెట్లు కట్టరాదు. వీధి త్రవ్వుటకుగాని, కాలువలో కలుపుటకుగాని పురపాలక సంఘమును ముందుగా అడుగవలయును.

ఒక బండి మన్ను పోయుట సులభము. పోసిన పిదప తీయుట కష్టము. మట్టములు ముందుగా నిర్ణయించుకొన్న ఇంటికి, దాని పొరుగింటికి గూడ వానాకాలము భయము తగ్గును.