కాలివేలు చెప్పే కబురు

సికింద్రాబాదును పాతవాళ్ళు ఇప్పటికీ 'లష్కర్' అంటారు. లష్కర్ అంటే సైనికుల దండు. మూడవ నిజాము సికందర్ జా పేరు మీద 1806లో కంటోన్మెంటుగా పేరు పొందిన ఊరు కదా! ఇక్కడి పరేడ్ గ్రౌండులో ఎన్ని వేల కాళ్ళు కవాతు చేశాయో లెక్క లేదు.

ఎన్.సి.సి.లో చేరిన తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు ఈ ఊళ్ళోనే ఉన్నాడనుకోండి. కవాతు అభ్యాసం మొదలైన మూడో రోజుకి బొటనవేలు సలుపుతోంది. నాలుగో రోజుకి కుంటుతున్నాడు. ఇంట్లో చెప్పలేదు. "బూట్లు కొని ఏడాదైనా కాలేదు, ఇప్పుడు కొత్తవి ఎలా అడగను?" అని అతని బెంగ. వేలికి గుడ్డ చుట్టుకుని అవే బూట్లు వేసుకున్నాడు. గుడ్డ చుట్టాక నొప్పి తగ్గిందా? రెట్టింపయింది! ఎందుకో తెలుసుకుందాం.

వేళ్ళు చేసే పని

మన పాదంలో 26 ఎముకలున్నాయి. అందులో 14 వేళ్ళవే. బొటనవేలికి రెండు, మిగిలిన నాలుగు వేళ్ళకి మూడేసి. ఇన్ని ఎముకలు వేళ్ళకి ఎందుకు?

చెప్పులు విప్పి నాలుగడుగులు మెల్లగా నడిచి చూడండి. ముందు మడమ నేలను తాకుతుంది. తరువాత అరికాలు ఆనుతుంది. చివరకు మడమ లేచి, బరువంతా పాదం ముందు భాగం మీదికీ వేళ్ళ మీదికీ వస్తుంది. ఆ వేళ్ళు నేలను వెనక్కి నెడితేనే మనం ముందుకు కదులుతాం. వేళ్ళన్నిటిలోనూ ఎక్కువ బరువు మోసేది బొటనవేలే.

ఇప్పుడు కుర్చీలో కూర్చుని, పాదం నేలమీద ఆనించి, చేత్తో బొటనవేలిని పైకి లేపండి. అరికాలి వంపు కూడా పైకి లేచింది చూశారా? మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద పీచులాంటి గట్టి పట్టీ ఒకటి ఉంది. వేలు పైకి వంగితే, బావి గిలక మీద చాంతాడు బిగిసినట్టు ఆ పట్టీ బిగుస్తుంది. దానితో పాదం గట్టి కర్రలా మారి, నేలను బలంగా నెట్టగలుగుతుంది. హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు 1954లో ఈ సంగతి వివరించాడు. అంటే అడుగడుగునా బొటనవేలు పైకి వంగాలి. బూటు దాన్ని వంగనివ్వకపోతే నొప్పి పుట్టదా మరి?

ఒక చిన్న లెక్క

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని చదువుకున్నారు. మన కుర్రవాడి బరువు 45 కిలోలు, ఒక్కొక్క పాదం నేలను తాకే వైశాల్యం 90 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. రెండు కాళ్ళ మీద నిలబడితే ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడే బరువు 45,000 ÷ 180 = 250 గ్రాములు. నడకలో మడమ లేచి, ఒంటికాలి ముందు భాగం మాత్రమే, అంటే సుమారు 30 చదరపు సెంటీమీటర్లు, నేలకు ఆని ఉన్న క్షణంలో? 45,000 ÷ 30 = 1,500 గ్రాములు. ఆరు రెట్లు! అందుకే కూర్చున్నప్పుడు ఊరుకున్న వేలు నడకలో కేకపెడుతుంది. గుడ్డ చుడితే ఇరుకు బూటులో చోటు ఇంకా తగ్గి, వేలి మీద ఒత్తిడి ఇంకా పెరిగింది.

ఎక్కడ నొప్పి?

నొప్పి ఎక్కడుందో సరిగ్గా వేలు పెట్టి చూపగలిగితే కారణం సగం దొరికినట్టే.

గోరు దగ్గర నొప్పి అయితే బూటు పొట్టిదై ఉండాలి, లేదా గోరు అంచు చర్మంలోకి దిగి ఉండాలి. గోళ్ళ మూలలు లోతుగా గుండ్రంగా కత్తిరించేవారికి ఈ బాధ ఎక్కువ.

వేలి మీద గానీ పక్కన గానీ చర్మం గట్టిపడి నొప్పి పెడితే అది ఆనెకాయ. రాపిడికి తట్టుకోవడానికి చర్మం తనకు తాను వేసుకున్న కవచం అది. కవచం మందమైన కొద్దీ అదే లోపలికి గుచ్చుకుంటుంది.

బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకువచ్చి, వేలు పక్క వేళ్ళవైపు ఒరిగితే, వంశపారంపర్యం కొంత, మొనదేలిన బూట్లు కొంత కారణం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పాత అస్థిపంజరాలను పరిశీలించి 2021లో ఒక సంగతి ప్రకటించారు. 11 నుంచి 13వ శతాబ్దాల వారిలో 6 శాతం మందికే ఉన్న ఈ వంకర, 14, 15 శతాబ్దాల వారిలో 27 శాతం మందికి కనిపించింది. మొనదేలిన బూట్ల మోజు వచ్చింది ఆ 14వ శతాబ్దంలోనే!

మూడు, నాలుగు వేళ్ళ మధ్య మంట, తిమ్మిరి ఉంటే అక్కడి నరం నలుగుతోందన్నమాట. అమెరికా వైద్యుడు మోర్టన్ 1876లో దీన్ని వర్ణించాడు.

వేళ్ళ వెనక, పాదం మీద వాపు వచ్చి, నడిచిన కొద్దీ నొప్పి పెరిగితే జాగ్రత్త! 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, కవాతు చేసే సిపాయిలలో ఈ వాపును గుర్తించాడు. కారణం మాత్రం 1895లో ఎక్స్ కిరణాలు కనుగొన్నాక గాని బయటపడలేదు. అది ఎముకలో సన్నని పగులు! అలవాటు లేనివాళ్ళు ఒక్కసారిగా ఎక్కువ కవాతు చేస్తే ఇది రావచ్చు. దీనికి విశ్రాంతీ, డాక్టరూ రెండూ అవసరం.

బూటుకు పరీక్ష

తెల్లకాగితం మీద వట్టి కాలితో నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ గీత మీద బూటు పెట్టి, దాని చుట్టూ మరో రంగుతో గీయండి. పాదం గీత బూటు గీతను దాటి బయటికి వచ్చిందా? అయితే తప్పు కాలిది కాదు, బూటుది.

కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మేజోళ్ళు వేసుకుని, నిలబడి చూడండి. అన్నిటికన్నా పొడుగైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడుగని మరవకండి. మరీ వదులు బూట్లూ మంచివి కావు. పాదం ముందుకు జారి వేళ్ళు కొట్టుకుంటాయి.

నొప్పి మొదలైతే ఆ బూట్లు మానండి. రెండు మూడు రోజులు నడక తగ్గించండి. గోరు దగ్గర నొప్పి ఉంటే పాదాన్ని గోరువెచ్చని నీటిలో ఉంచి, శుభ్రంగా తుడవండి. గోళ్ళు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. ఆనెకాయను మాత్రం బ్లేడుతో కోయకండి! ఎరుపు, చీము, జ్వరం ఉన్నా, కాలు మోపలేకపోయినా, వారం దాటినా నొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. ఊళ్ళోని గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో ఎముకల వైద్యులు ఉంటారు.

నొప్పే లేకపోతే?

"ఈ నొప్పి అనేదే లేకపోతే ఎంత బాగుండును!" అనిపిస్తోందా? కుష్టువ్యాధి వచ్చినవారి వేళ్ళను ఆ వ్యాధే తినేస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది నిజం కాదని చూపించాడు. ఆ వ్యాధిలో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. మేకు గుచ్చుకున్నా, బూటు కరిచినా తెలియదు. తెలియక ఆ గాయం మీదే నడుస్తారు. వేళ్ళు పోవడానికి అసలు కారణం అది. అందుకే అటువంటివారికి మెత్తని రబ్బరు అట్టలతో చెప్పులు చేయించారు.

ఈ ప్రమాదం చాలా ఇళ్ళలో ఉంది. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి కూడా పాదాలు మొద్దుబారవచ్చు. మీ తాతయ్యకో, అమ్మమ్మకో ఆ జబ్బుంటే రోజూ సాయంత్రం వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరు చూడండి. వంగి చూసుకోవడం వారికి కష్టం. చిన్న బొబ్బ కనబడినా, "నొప్పి లేదులేరా" అన్నా వినకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమని ఇంట్లో చెప్పండి.

ఇక మన కుర్రవాడు కాగితం మీద రెండు గీతలూ గీసి వాళ్ళ నాన్నకు చూపించాడు. "నాన్నా, బూట్లు పాడవలేదు. నా కాలే పెరిగింది!" అన్నాడు. కాగితం చూశాక ఆయన ఇంకేమంటారు? మీ వయసులో పాదాలు పెరగడం తప్పు కాదు, నొప్పిని దాచడమే తప్పు.

చేసి చూడండి

1. తడి పాదం ముద్రను గళ్ళ కాగితం మీద వేసి, గళ్ళు లెక్కపెట్టి, మీ పాదం నేలమీద కలిగించే పీడనం కనుక్కోండి.
2. మునివేళ్ళ మీద లేచి నిలబడినప్పుడు పాదం ఒక తులాదండం. ఆధారం, భారం, బలం ఎక్కడెక్కడున్నాయో బొమ్మ గీసి చూపండి.
3. మీ ఇంట్లో అందరి పాదాలనూ, బూట్లనూ, చెప్పులనూ కాగితం మీద గీసి పోల్చండి. ఎవరి వేళ్ళు ఇరుకున పడుతున్నాయి?