పాత్ర మాట తప్పే చోట

చి. మేనకోడలికి,



రష్యన్ నవలల మీద వ్యాసం కోసం నువ్వు వేసుకున్న పట్టిక చూశాను. ఎడమ పక్క పాత్ర పేరు, కుడి పక్క ఆ పాత్ర ద్వారా రచయిత ఇచ్చిన సందేశం. రస్కోల్నికోవ్ ఎదురుగా ‘నేరానికి శిక్ష తప్పదు’, బజారోవ్ ఎదురుగా ‘నిహిలిజం ఓటమి’, ఒబ్లమోవ్ ఎదురుగా ‘సోమరితనం’ అని రాశావు. వీటిలో అబద్ధం ఏదీ లేదు. అయితే నవల తెరవకముందే ఈ మూడు ముక్కలూ మనకు తెలుసు. చదివిన తర్వాత మాత్రమే తెలిసేదేమిటో నీ వ్యాసం పట్టుకోవాలి. నా ఉద్దేశంలో ఆ రచయితల దగ్గర వస్తువును వెతకాల్సింది పాత్ర చెప్పే సిద్ధాంతంలో కాదు, ఆ సిద్ధాంతానికి అడ్డం తిరిగి పాత్ర చేసే పనిలో. మనిషి తన మాట తానే తప్పిన పేజీ దగ్గర గుర్తు పెట్టుకో. నవల దేని గురించో అక్కడ బయటపడుతుంది.

1866లో వచ్చిన దోస్తోవ్‌స్కీ ‘నేరము–శిక్ష’నే తీసుకో. అసాధారణులైన కొందరికి నెత్తుటి మీదుగా అడుగేసి పోయే హక్కుందని రస్కోల్నికోవ్ సిద్ధాంతం. దాన్ని వ్యాసంగా కూడా రాశాడు. తాకట్టు వ్యాపారం చేసే ముసలమ్మ అల్యోనాను చంపడం ఆ లెక్క ప్రకారమే జరిగింది. అనుకోకుండా లోపలికొచ్చిన ఆమె సవతి చెల్లెలు లిజవేతాను చంపడం ఏ లెక్కలోనూ లేదు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది, హత్యకు ముందే వచ్చే ఒక చిన్న సంగతి. తాగుబోతు మర్మెలాదోవ్‌ను ఇల్లు చేర్చినప్పుడు, ఆ కుటుంబం దరిద్రం చూసి జేబులో ఉన్న చిల్లర ఎవరికీ తెలియకుండా కిటికీ గట్టు మీద పెట్టి వస్తాడు. మెట్లు దిగుతూ, ఎందుకిచ్చానా అని తనను తాను తిట్టుకుంటాడు. ఇచ్చిన చెయ్యీ అతనిదే, తిట్టుకున్న బుర్రా అతనిదే. ఆ తర్వాత కథంతా ఈ రెంటి తగాదా. దోచిన సొమ్ము ఎంతో కూడా చూసుకోకుండా ఒక బండ కింద దాచేస్తాడు. తల్లి పంపిన డబ్బు తీసి మర్మెలాదోవ్ అంత్యక్రియలకు ఇచ్చేస్తాడు. చివరికి సైబీరియాలో శిక్ష అనుభవిస్తూ కూడా చాలాకాలం తన సిద్ధాంతం తప్పని ఒప్పుకోడు. తాను తట్టుకోలేకపోయానన్నదే అతని బాధ. ‘శిక్ష తప్పదు’ అన్న వాక్యంలో ఇవేవీ ఇమడవు. తర్కానికి లొంగిన మనిషిలో లొంగకుండా మిగిలినదేమిటి అని అడిగితే అన్నీ ఇముడుతాయి.

తుర్గేనెవ్ ‘తండ్రులూ కొడుకులూ’ 1862లో వచ్చినప్పుడు ఏం జరిగిందో కూడా చూడు. యువతరాన్ని వెక్కిరించడానికే బజారోవ్‌ను సృష్టించాడని రాడికల్ విమర్శకుడు ఆంతోనోవిచ్ మండిపడ్డాడు. అదే పక్షానికి చెందిన మరో విమర్శకుడు పీసరెవ్ ఆ పాత్రను మనస్ఫూర్తిగా తనవాడిగా చేసుకున్నాడు. సందేశం కోసం చదివితే ఇద్దరికీ తలో సగం దొరికింది. ప్రేమ అంటే ఉత్త భావుకత అని కొట్టిపారేసిన బజారోవ్, ఒదింత్సోవాను ప్రేమించి తన మీద తానే కోపగించుకుంటాడు. టైఫస్‌తో చనిపోయిన రైతు శవాన్ని కోస్తూ వేలు తెగి, ఆ విషంతోనే చనిపోతాడు. విజ్ఞానాన్ని నమ్మినవాడు ఆ పనిలోనే పోయాడు కాబట్టి ఓడాడంటావా, దాని కోసం ప్రాణమిచ్చాడు కాబట్టి గెలిచాడంటావా? తుర్గేనెవ్ తేల్చలేదు. ఆ సమాధి దగ్గరికి వచ్చే ముసలి తల్లిదండ్రులను చూపించి ఆపేశాడు.

రచయితలకు గట్టి అభిప్రాయాలుండేవి కదా, టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ చివర చరిత్ర మీద ఏకంగా వ్యాసమే రాశాడు కదా అని నువ్వు అడగొచ్చు. నిజమే. అతను ఉపదేశకుడు, దాన్ని దాచుకోలేదు కూడా. కానీ ‘అన్నా కరేనినా’ తొలి చిత్తుప్రతుల్లో నాయిక నాసిరకం మనిషి, జాలిపడాల్సింది భర్త మీద. రాస్తున్నకొద్దీ ఆమె తీర్పుకు అందనంత పెద్దదైంది. దోస్తోవ్‌స్కీ గాఢమైన విశ్వాసి. అయినా పసిపిల్లల బాధను చూపించి దేవుడి ఏర్పాటును నిలదీసే పని తన పాత్ర ఇవాన్ కరమాజోవ్‌కు అప్పగించి, దానికి తానిచ్చే జవాబు సరిపోతుందో లేదోనని ఆందోళనపడ్డాడు. దీనికి తిరగేసిన ఉదాహరణ గోగోల్. ‘మృతజీవులు’ రెండో భాగంలో మనుషులు బాగుపడాలని ముందే నిశ్చయించుకున్నాడు. ఆ రెండో భాగంలో మనకు దక్కిన పేజీల్లోని ఆదర్శ భూస్వామి కస్తంజోగ్లోకు ఉపన్యాసాలున్నంతగా ఊపిరి లేదు. 1852లో గోగోల్ ఆ రాతప్రతిని తగలబెట్టి, కొద్దిరోజులకే కన్నుమూశాడు. ఆలోచనకు తగ్గట్టు మనిషిని కత్తిరిస్తే ఏమవుతుందో అతనికి తెలిసినంత బాధగా మరెవరికీ తెలియలేదేమో.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఇవి సెన్సారు నీడలో పుట్టిన పుస్తకాలు. పాత్రలను సమాజానికి సాక్ష్యాలుగా చదవకపోతే అన్యాయం కాదా? మన అభ్యుదయ విమర్శ నుంచి నీకు అబ్బిన ఈ పట్టుదలను వదులుకోమని నేను చెప్పను. 1859లో ‘ఒబ్లమోవ్’ రాగానే విమర్శకుడు దొబ్రొల్యూబొవ్ ఆ సోమరితనానికి మూలం అర్ధబానిస వ్యవస్థలో చూపించాడు. అది రద్దయింది 1861లో. అతను చెప్పింది సరైనదే, కానీ నవలంతా కాదు. ఇంటి యజమానురాలు అగాఫ్యా, ఒబ్లమోవ్‌కు భోజనం తక్కువ కాకూడదని తన ముత్యాలు తాకట్టు పెడుతుంది. నౌకరు జహార్, ఆ వ్యవస్థ పిప్పి చేసి వదిలిన మనిషి, చివరికి చర్చి దగ్గర బిచ్చమెత్తుకుంటూ కూడా యజమాని సమాధిని వదిలి రానంటాడు. దోపిడీకి గురైనవాడే దోపిడీదారు కోసం ఏడవడంలో వ్యవస్థ మీద నేరారోపణ ఉంది, దానికి లొంగని ప్రేమా ఉంది. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే జహార్ మిగలడు.

అలాగని ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చని కాదు. ప్రతి మాటకూ ఇది ఫలానా పనిలో, ఫలానా ఘట్టంలో కనిపించిందని చూపించగలగాలి. నీ పట్టికలో కుడి పక్క గడిని ఖాళీ చెయ్యి. అక్కడ సందేశానికి బదులు, ఆ మనిషి తన మాట తప్పిన ఒక్క సన్నివేశం రాసుకో. ముందుగా ‘ఒబ్లమోవ్’ చివరి భాగం మళ్లీ చదివి, జహార్ ఎదురుగా ఏం రాశావో నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మామయ్య