గని గడియారము, ఇంటి గడియారము
(తల్లిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును)

రామకృష్ణాపూరు వీధులలో పెరుగు పసివారు తొలుత నేర్చుకొను మాటలలో "లొల్లి చెయ్యకుండ్రి, బాపు పండుకున్నడు" అనునది యొకటి. ఇతర గ్రామములయందు తండ్రి పగలు పొలముననో, అంగడియందో యుండును. రాత్రి యింట నుండును. మన బొగ్గుబాయి ప్రాంతమున నట్లు కాదు. ఉదయమున గనికి దిగువారు కొందఱు, మధ్యాహ్నమున దిగువారు కొందఱు, రాత్రి దిగి తెల్లవాఱిన పిమ్మట వెలుపలికి వచ్చువారు కొందఱు. "షిఫ్టు" అను ఆంగ్లపదము మన ముసలమ్మలకు సైతము తెలుగుమాటయే యైనది. షిఫ్టు మాఱినప్పుడెల్ల ఇంటి వంటవేళయు, స్నానవేళయు, నిద్రవేళయు మాఱుచుండును.

గని గడియారము మాఱక తప్పదు. అయితే దానితోపాటు బిడ్డల గడియారము కూడ మాఱవలయునా? ఈ ప్రశ్ననే మేమీ పాఠమున విచారింపదలచితిమి. మందమఱ్ఱి, శ్రీరాంపూరు, బెల్లంపల్లి, గోదావరిఖని మొదలగు ఊళ్లలోని గృహములకెల్ల ఇది వర్తించును.

కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలుడుండెడివాడు. మొదటి గంటలోనే వాని తల వ్రాలిపోవుచుండెను. సోమరి యని తలచి మేము వానిని పలుమాఱు నిలువబెట్టితిమి. ఒకనాడు వాని తల్లితో మాటలాడగా సంగతి తెలిసినది. తండ్రి రెండవ షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రమునకు ఇల్లు చేరును. ఆయనను చూడవలెనని బాలుడు మేలుకొని యుండును. ఇద్దఱును పండుకొనునప్పటికి ఒంటిగంట యగును. తెల్లవాఱకమునుపే నీళ్లు పట్టుటకు వాడు మరల లేవవలెను. వాడు సోమరి కాడు. తండ్రికొఱకు కాచుకొనియున్న బిడ్డ. ఆ దినమున మేము సిగ్గుపడితిమి.

ఆ కుటుంబము పిమ్మట చేసిన మార్పు మిక్కిలి చిన్నది. రెండవ షిఫ్టు వారములలో తండ్రి ప్రొద్దుటనే లేచి కుమారుని బడి గేటువఱకు నడిపించుకొని రాసాగెను. ఆ పది నిమిషముల నడకయే వారి కలయిక. రేపు ఉదయము తండ్రి తనతో నడచునని తెలిసిన బాలుడు రాత్రి తొమ్మిదింటికే నిశ్చింతగా నిద్రపోయెను. ఈ పాఠములో మేము చెప్పదలచినదంతయు ఆ యింటివారు మాకు నేర్పినదే. తండ్రి వేళలు మాఱినను బిడ్డ నిద్రాహారముల వేళలు మాఱరాదు. తండ్రిబిడ్డల కలయికకు ప్రతి షిఫ్టులోను ఒక నియతమైన వేళ యుండవలెను.

1. నిద్ర

ఆఱు మొదలు పండ్రెండేండ్లవఱకు గల బిడ్డలకు దినమునకు తొమ్మిది మొదలు పండ్రెండు గంటల నిద్రయు, పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గలవారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్రయు కావలెనని వైద్యులు నిర్ణయించియున్నారు. పరీక్షల దినములలో బిడ్డను ఒంటిగంటవఱకు కూర్చుండబెట్టి చదివించుట మంచిదని కొందఱు తలంతురు. నేర్చినది మనస్సున నాటుకొనుట చాలవఱకు నిద్రలోనే జరుగును గాన, అట్టి చదువు చిల్లికుండలో నీళ్లు పోయుట వంటిది.

యౌవనారంభమున పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యముగా వచ్చుట వారి మొండితనము కాదు. ఆ ప్రాయమున శరీరములోని గడియారమే కొంత వెనుకకు జరుగును. నిద్ర తెప్పించు మెలటోనిన్ అను రసము వారిలో మఱింత ప్రొద్దుపోయిన పిమ్మట ఊరును. కావున తిట్టి నిద్రపుచ్చుట సాధ్యము కాదు. పండుకొనుటకు గంట ముందే దీపములు తగ్గించుట, టీవీ ఆపుట, సెల్ ఫోనులన్నింటిని ఒక్కచోట పెట్టుట, ఉదయపు వెలుతురులో బిడ్డను కొంతసేపు తిరుగనిచ్చుట, ఇవి ఉపాయములు. ఫోనులను ఒక్కచోట పెట్టుననునప్పుడు తల్లిదండ్రుల ఫోనులును అందు చేరవలెను. లేనిచో పిల్లలు మన మాటను విడిచి మన చేతనే నేర్చుకొందురు.

రాత్రి షిఫ్టు చేసివచ్చిన తండ్రికి పగటినిద్ర ప్రాణావసరము. నిద్ర చాలని మనిషి గనిలో ప్రమాదమునకు లోనగును. ఇంటిలో కోపమునకు లోనగును. అయితే ఆ నిద్రకొఱకు బిడ్డ దినమంతయు నోరు మూసికొని యుండుట న్యాయము కాదు. బిడ్డలు బడిలోనుండు వేళనే తండ్రి నిద్ర ముగియునట్లు చూచుకొనవలెను. కిటికీకి ముదుక దుప్పటి కట్టి గది చీకటి చేయవలెను. ఆదివారములందు పిల్లలను ఆటస్థలమునకు పంపవలెను. బిడ్డలకును యువకులకును దినమునకు ఒక గంట యైన ఒళ్లలయు ఆట కావలెను గనుక, దీనివలన రెండు కార్యములు నెరవేరును.

2. ఆహారము

మన క్వార్టర్లలో అనేకులు పిల్లలను చాయనీళ్లతోడను, రెండు బిస్కత్తులతోడను బడికి పంపుచున్నారు. తండ్రి మొదటి షిఫ్టునకు టిఫిను కట్టించుకొనిపోయిన వేళ, బిడ్డకు మఱల వండుటకు తల్లికి ఓపిక యుండదు. కారణమును మేమెఱుగుదుము. అయినను ఫలితము తరగతిలో కనబడుచున్నది.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో దేశమంతటను నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. నెత్తురు తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోవును, చదివినది నిలుపుకొనలేదు, ఊరక విసుగుకొనును. తల్లిదండ్రులు దానిని పొగరు అందురు. గురువులు అశ్రద్ధ యందురు. అది ఇనుము కొఱత.

తోటకూర, మునగాకు, పప్పులు, సజ్జలు, గ్రుడ్డు, మాంసము, ముఖ్యముగా కార్జము, ఇవి ఇనుమునిచ్చు పదార్థములు. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు దానితోపాటు నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో తినవలెను. భోజనముతో చాయ త్రాగినచో ఆ ఇనుము చాలవఱకు వ్యర్థమగును. కాబట్టి అన్నమునకును చాయకును ఒక గంట ఎడము ఉండవలెను. బడులలో వారమున కొకమాఱు ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్రను, నులిపురుగులకు ఇచ్చు ఆల్బెండజోల్ మాత్రను పాఱవేయక మ్రింగింపవలెను. నీలిమాత్ర పరగడుపున వికారము పుట్టించును గాన భోజనానంతరమే వేసికొనవలెను. పదియవ యేటను, పదియాఱవ యేటను వేయించవలసిన ధనుర్వాతపు టీకాను పలువురు మఱచుచున్నారు, మఱవరాదు.

3. ధూళి, పొగ, ఎండ

గని బట్టలతో పసిబిడ్డను ఎత్తుకొనరాదు. స్నానము చేసి, బట్టలు మార్చుకొని యెత్తుకొనవలెను. గని బట్టలను బిడ్డల బట్టలతో కలిపి ఉతుకరాదు.

చలికాలమున మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, మత్తు కలిగి, నిద్రలోనే ప్రాణము పోవును. గనిలో విషవాయువు సంగతి బాగుగ నెఱిగిన తండ్రులు ఇంటిలో దానిని మఱచుట విచారకరము.

మన గోదావరి తీరపు ఎండ యెట్టిదో చెప్పనక్కఱలేదు. వేసవిలో పిల్లలకు విరేచనములు పట్టినచో ఒక లీటరు మంచినీటిలో ఆఱు సమ చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. చెంచా యనగా చిన్న చాయ చెంచా. ఉప్పు కొలత మించరాదు. బిడ్డ మగతగానున్నను, కన్నులు లోతుకు పోయినను, మూత్రము రాకున్నను జాగు చేయక వైద్యునియొద్దకు కొనిపోవలెను.

4. యౌవనారంభము

పదునాలుగు, పదునైదేండ్లు వచ్చిన కుమారుడు తండ్రితో మాటలాడుట తగ్గించును. పసితనమున "బాపూ" యని ఎదురుపరుగెత్తినవాడు ఇప్పుడు తలవంచుకొని ప్రక్కగా పోవును. ఇది ద్వేషము కాదు. తన కాళ్లపై నిలువజూచు మనస్సు. ఆ వేళ తండ్రి కోపించినచో తలుపు మూసికొనును; ఊరకుండినచో తలుపు ఓరగా నుండును. ప్రశ్నలు తగ్గించి పనులు కలిసి చేయుట మేలు. సైకిలు బాగుచేయుచు, సంతకు నడచుచు చెప్పుకొను మాటలు ఎదురెదురుగా కూర్చుండి అడిగిన రావు.

కొట్టుట వలన బిడ్డ తప్పు మానడు. తప్పును దాచుట నేర్చుకొనును. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడులలో శారీరక దండనమును, మానసిక హింసను నిషేధించినది. మాకు నిషిద్ధమైనది ఇంటిలో మాత్రము మేలగునా?

"బాపు నౌకరి నాకు వచ్చును" అను తలంపుతో చదువు విడుచు బాలురను మేము చూచుచున్నాము. తట్టా చెమ్మసులతో బొగ్గు నింపిన తాతల గని వేఱు. షవలులు, డంపర్లు నడచు నేటి గని వేఱు. గనికి పోవువానికిని నేడు చదువు కావలెను. 1952 నాటి గనుల చట్టమునకు 1983లో జరిగిన సవరణ పదునెనిమిదేండ్లు నిండనివారిని గనిపనికి రానీయరాదని శాసించెను. ఆ యేండ్లు విద్యకొఱకు విడువబడినవని గ్రహింపవలెను. తండ్రి తన కష్టమును కుమారునికి చెప్పవలసినదే. భయపెట్టుటకు కాదు, తెలియుటకు.

మోటారు సైకిలు విషయమై ఒక మాట. 2019 నాటి సవరణ ప్రకారము మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికి లేక సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవఱకు ఖైదును విధింపవచ్చును. జరిమానా కట్టవచ్చును గాని పోయిన బిడ్డను తేలేము.

ఆడుబిడ్డలకు ఋతుధర్మమును గుఱించి తల్లి ముందుగనే చెప్పవలెను. నెలసరి వచ్చిన పిమ్మట భయముతో ఏడ్చు బిడ్డను ఓదార్చుటకన్న అది మేలు. ఆ దినములలో బడి మానిపింపరాదు. మగబిడ్డలకును ఈ సంగతి తెలిసినచో పరిహాసము మాని మర్యాద నేర్తురు.

కల్లు, మద్యము, గుట్కాల విషయమున ఒక్క యిల్లు ఒంటరిగా పోరాడుట కష్టము. ఐస్‌లాండు దేశమున పదునైదు, పదియాఱేండ్లవారిలో గడచిన నెలలో త్రాగి మత్తెక్కినవారు 1998లో నూటికి 42 మంది. 2016 నాటికి వారు 5 గురికి తగ్గిరి. ఉపదేశములవలన మాత్రమే కాదు. తల్లిదండ్రులు కూడబలుకుకొని, రాత్రి యింటికి చేరవలసిన వేళను ఊరంతటికి ఒక్కటిగా నిర్ణయించుకొనిరి. బడి విడిచిన పిమ్మట ఆటలు, సంగీతము ఏర్పఱచిరి. బిడ్డలతో గడపు కాలమును పెంచిరి. మన కాలనీలో ఒక్కొక్క వరుస క్వార్టర్లవారు ఇట్లు కూడబలుకుకొనుట అసాధ్యమా?

5. మనస్సు

పరీక్షాఫలములు వెలువడు దినములు మాకును నిద్రపట్టని దినములు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియెట్ ఫలితముల పిమ్మట తెలంగాణములో పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖమును మనము మఱువరాదు. బిడ్డ నిద్రాహారములు చెడినను, స్నేహితులను విడిచి ఒంటరిగా నున్నను, ప్రియమైన వస్తువులను పంచిపెట్టినను, "నేను లేకున్న మీకు సుఖము" వంటి మాట యన్నను, తేలికగా తీసికొనరాదు. దగ్గఱ కూర్చుండి, "చావవలెనని అనిపించుచున్నదా?" యని సూటిగా అడుగవలెను. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు; అడుగువారున్నారని తెలిసి బరువు తగ్గును. బిడ్డను ఒంటరిగా విడువక వైద్యుని సాయము పొందవలెను. 2022లో ఏర్పడిన టెలీమానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. బాలుర రక్షణకు 1098 సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను విద్యార్థులు తమ పుస్తకము అట్టపై వ్రాసికొందురుగాక.

6. గోడమీది కాగితము

ఇక ఆచరణము. షిఫ్టు మాఱుటకు ముందటి సాయంకాలము ఒక కాగితముపై కలయికవేళను వ్రాసి గోడకు అంటింపుడు. మొదటి షిఫ్టు వారములో రాత్రి భోజనము. రెండవ షిఫ్టు వారములో ఉదయపు నడక. రాత్రి షిఫ్టు వారములో బిడ్డలు బడినుండి వచ్చినది మొదలు తండ్రి బయలుదేరువఱకు గల సాయంకాలము. అరగంట చాలును. ఆ అరగంట టీవీ, ఫోను ఉండరాదు. మార్కుల మాట ఎత్తరాదు. బిడ్డ నిద్రవేళ మాత్రము ఏ షిఫ్టులోను మాఱరాదు.

తల్లిని మఱచితిమని తలంపకుడు. తండ్రికి దినమునకు ఒక్క షిఫ్టు, తల్లికి మూడును. వేళగానివేళ టిఫిను కట్టునదియు, అర్ధరాత్రి తలుపు తీయునదియు, బిడ్డను బడికి పంపునదియు ఆమెయే. ఆమెకు నిద్రలేనిచో ఇంటిలో ఎవరికిని శాంతి లేదు. కొడుకులును కూతుండ్లును సమముగా పని పంచుకొని, గోడమీది కాగితమున అమ్మ విశ్రాంతివేళను కూడ వ్రాయవలెను.

గని మన వేళలను శాసించును; మన ఇంటి ప్రేమను శాసింపనక్కఱలేదు. "లొల్లి చెయ్యకుండ్రి, బాపు పండుకున్నడు" అని నేర్చిన బిడ్డ, "బాపు లేచినంక నాతోని నడుస్తడు" అని కూడ నేర్చినచో ఆ బిడ్డకు కొఱతలేదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ యింట గడచిన వారము బిడ్డలు ఏ వేళకు నిద్రించిరి? షిఫ్టు మాఱినప్పుడు ఆ వేళ మాఱినదా?
2. భోజనముతో చాయ త్రాగుటవలన కలుగు నష్టమేమి?
3. మూసిన గదిలో కుంపటి యేల పెట్టరాదు?
4. విద్యార్థులారా, మీ తల్లి దినమున ఎన్ని గంటలు నిద్రించుచున్నదో మీరెఱుగుదురా? ఎఱుగనిచో నేడే అడుగుడు.