గ్రూపు ఎన్నిక: తెరచియుండు తలుపులు, మూతపడు తలుపులు

పదవ తరగతి ముగించిన విద్యార్థి జీవితములో మొదటి పెద్ద నిర్ణయము ఇంటర్మీడియట్ గ్రూపును ఎన్నుకొనుట. అప్పటికి వానికి పదునైదు లేక పదునారేండ్ల ప్రాయము. ఆ ప్రాయమున నింపిన దరఖాస్తులోని ఒక్క గడి, ఏ విశ్వవిద్యాలయపు ఏ శాఖలో ప్రవేశము దొరకునో, ఏ ఉద్యోగ పరీక్షకు కూర్చుండ వీలగునో చాలమేరకు నిర్ణయించును. ఇంతటి ముఖ్య విషయమును స్నేహితుడు చేరినాడనియో, వసతిగృహములో చోటు దొరకినదనియో, బంధువొకరు చెప్పినారనియో తేల్చివేయువారు పెక్కుమంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకన్న ముందుగనే ఆలోచించుట మేలు గనుక, ఈ విషయమును మన విద్యార్థుల ముందును, కళాశాల సంఘము వారి ముందును ఉంచుచున్నాము.

ఈ చర్చకు మేము అల్లూరి సీతారామరాజు జిల్లాలోని హుకుంపేట మండలమును ఉదాహరణముగా గ్రహించితిమి. ఉర్దూ, తెలుగు భాషలు రెండును నడచు కళాశాల పత్రికలో మన్యపు మండలము ప్రసక్తి ఏల యని సందేహము కలుగవచ్చును. పాడేరునుండి అరకులోయకు పోవు దారిలోనున్న ఆ మండలములో ఇంట మాటాడు భాష ఒకటి, బడిలో చదువు భాష మరియొకటి అయిన పిల్లలు కలరు. తలిదండ్రులలో కళాశాల గడప తొక్కినవారు తక్కువ. ఏ గ్రూపు ఎక్కడికి చేర్చునో ఇంటిలో చెప్పగలవారు అరుదు. ఈ లక్షణములు మనలో పెక్కుమందికిని వర్తించును. అందుచేత అక్కడి విద్యార్థికి పనికివచ్చు మాట మనకును పనికివచ్చును.

గ్రూపు అనగా నేమి?

కొఠారీ సంఘము 1966లో సమర్పించిన నివేదికలో పాఠశాల, ఉన్నత మాధ్యమిక, కళాశాల దశలకు ఒక క్రమము సూచింపబడెను. మన రాష్ట్రములో రెండేండ్ల ఇంటర్మీడియట్ 1969-70 విద్యా సంవత్సరమున ఆరంభమై, 1971 నాటి చట్టముచే బోర్డు ఏర్పడెను. నాటినుండి ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి., ఎం.ఇ.సి. అను పేర్లు మన ఇండ్లలో వాడుకమాటలైనవి. అయితే కాలక్రమమున ఇవి పాఠ్యాంశముల కూర్పులుగా గాక, తెలివికి కొలతలుగా చలామణి యగుట మొదలిడెను. మొదటి తరగతి మార్కులు వచ్చినవాడు ఎం.పి.సి., రానివాడు హెచ్.ఇ.సి. అనుట పరిపాటియైనది. ఇది పొరపాటు.

గ్రూపు హోదా కాదు; కొన్ని తలుపులను తెరచి, కొన్నిటిని మూయు తాళపుచెవి. ప్రతి గ్రూపును తాను తెరచు తలుపులను గూర్చి గొప్పగా చెప్పుకొనును. మూయు తలుపులను గూర్చి ఎవరును చెప్పరు. కనుక ఎన్నికకు ముందు అడుగవలసిన ప్రశ్న "దీనివలన ఏమి వచ్చును?" అనునది మాత్రమే కాదు, "దీనివలన ఏమి రాకుండ పోవును?" అనునదియు.

తలుపుల పట్టిక

ఎం.పి.సి. అనగా గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము. ఇంజనీరింగు, వాస్తుశిల్పము, గణిత భౌతిక శాస్త్రములలో బి.యస్సి. దీనికి తెరచియుండును. జాతీయ రక్షణ అకాడమీలో పదాతిదళ విభాగమునకు ఏ గ్రూపు వారైనను అర్హులే. నౌకాదళమునకు, వాయుసేనకు మాత్రము భౌతికశాస్త్రము, గణితము చదివియుండవలెను. తూర్పు నౌకాదళ కేంద్రమగు విశాఖపట్నమునకు చేరువనున్న మన్యపు బాలబాలికలు ఈ సంగతి తెలిసికొనదగినది. ఎం.పి.సి. చదివినవారు తరువాత బి.కాం.నకును, బి.ఏ.కును, న్యాయశాస్త్రమునకును మరలవచ్చును. కాని వైద్యము, పశువైద్యము, వ్యవసాయ బి.యస్సి., బి.యస్సి. నర్సింగు వీరికి మూతపడును.

బై.పి.సి.లో జీవశాస్త్రము, భౌతిక రసాయన శాస్త్రములు ఉండును. నీట్ పరీక్షద్వారా వైద్యము, దంతవైద్యము, ఆయుర్వేదము; వ్యవసాయము, ఉద్యానశాస్త్రము, పశువైద్యము, నర్సింగు దీని తలుపులు. ఔషధశాస్త్రమునకు ఎం.పి.సి., బై.పి.సి. రెండును పనికివచ్చును. కొద్ది శాఖలు తప్ప ఇంజనీరింగు బై.పి.సి. వారికి లభింపదు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో 50 సీట్లతో ఆరంభమైనది. వైద్యవిద్య కొండ దిగి పోవలసిన దూరపు వస్తువుగా నున్న ప్రాంతమునకు ఇది చిన్న మార్పు కాదు. అయినను ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము విడిచినవానికి ఆ కళాశాల పొరుగుననే యున్నను దూరమే.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులవారికి బి.కాం., బి.ఏ., అయిదేండ్ల న్యాయవిద్య, చార్టర్డ్ అకౌంటెన్సీ తెరచియుండును. ఎం.ఇ.సి. వారికి వీనితోపాటు గణితము అండగా నుండుటచే అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము సుగమమగును. కాని ఈ మూడు గ్రూపులనుండి ఇంజనీరింగునకు గాని వైద్యమునకు గాని దారి లేదు. అనగా విజ్ఞానశాస్త్రమునుండి మానవశాస్త్రములకు వచ్చు దారి కలదు. ఎదురు దారి లేదు. దరఖాస్తు నింపువారు ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నను చాలు.

ఇందుకు మరియొక నిదర్శనము అఖిల భారత సర్వీసులలో కలదు. ఏ పట్టభద్రుడైనను ఐ.ఏ.ఎస్.నకు పోటీ చేయవచ్చును. అటవీ సర్వీసునకు మాత్రము వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనము, భౌతికము, గణితము, గణాంకశాస్త్రము, భూగర్భశాస్త్రము, పశువైద్యము వంటి వానిలో ఒకటి డిగ్రీలో చదివియుండవలెను. లేదా వ్యవసాయ, అటవీ, ఇంజనీరింగు పట్టము ఉండవలెను. అడవి నడుమ పుట్టి, ప్రతి చెట్టు పేరును ఎరిగిన విద్యార్థి, గ్రూపు ఎన్నికలోని ఏమరుపాటువలన అటవీ అధికారి కాలేకపోవుట విచారకరము.

ఒకే తోట, నాలుగు విద్యలు

అట్లని అందరును విజ్ఞానశాస్త్రమే చదువవలెనని మేము చెప్పుటలేదు. హుకుంపేట పరిసరములలోని కాఫీ తోటనే తీసికొందము. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025లో అరకు ప్రాంతపు తోటలలో కాఫీ కాయను తొలుచు పురుగు కనిపించినది. దానిని అరికట్టుటకు జీవశాస్త్రము, వ్యవసాయశాస్త్రము తెలిసినవారు కావలెను. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము వంటి చోట్ల కొలువుండువారు వీరే. పండు తొక్క తీయు యంత్రమును బాగుచేయుటకు, గింజలోని తేమను కొలుచుటకు యంత్రవిద్య కావలెను. పంటను తూచి, వెల కట్టి, సంతలో దళారి చేత మోసపోకుండ అమ్ముకొనుటకు వాణిజ్యము తెలియవలెను. 1956లో విశాఖపట్నము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పని అంతయు ఈ లెక్కల మీదనే నడచును. ఇక తోట నిలిచిన భూమి ఎవరిదను ప్రశ్నకు చట్టము తెలిసినవారు జవాబు చెప్పవలెను. షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చుటను తప్పుపట్టిన 1997 నాటి "సమత" తీర్పు అనంతగిరి ప్రాంతపు వివాదమునుండి పుట్టినదే. 2006 నాటి అటవీ హక్కుల చట్టమును చదివి గ్రామసభలో వివరింపగల యువకుడు హెచ్.ఇ.సి. చదివినవాడు కావచ్చును. ఒక్క తోటకు నాలుగు గ్రూపులు అవసరమైనప్పుడు వానిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుట ఎట్లు?

మానవశాస్త్రములు చదివినవారు స్వస్థలమునకు దూరమగుదురనుటయు సరికాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఈ కొండలలో మాటాడు కొండ భాషపై వ్రాసిన గ్రంథము 1969లో వెలువడినది. భాషాశాస్త్రమునకు ఇంటి భాషయే పెట్టుబడి. పార్లమెంటు చట్టముచే 2019లో విజయనగరమున ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఇట్టి చదువులకు చేరువలోని ఆశ్రయము.

ఒక్క ఉద్యోగమును నమ్ముకొనరాదు

హుకుంపేట వంటి మండలములు నేర్పు గట్టి పాఠము మరియొకటి కలదు. 2000 జనవరిలో వెలువడిన ప్రభుత్వ ఉత్తరువు 3వ నంబరు ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే కేటాయింపబడెను. ఇంటర్మీడియట్, దాని తరువాత ఉపాధ్యాయ శిక్షణ, ఆపైన సొంత ఊరిలో ఉద్యోగము అను దారి మన్యపు యువతకు అన్నిటికన్న నమ్మకమైన దారిగా తోచెను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. ఆ ఒక్క దారినే నమ్ముకొన్నవారి ఆశ ఒక్క రోజులో తలక్రిందులయ్యెను.

తీర్పు బాగోగులను విమర్శించుట మా ఉద్దేశము కాదు. ప్రభుత్వములు మారును, ఉత్తరువులు మారును, కోర్టులు కొట్టివేయును. చదివిన విషయము మాత్రము విద్యార్థితోనే నిలుచును. కనుక ఒక్క ఉద్యోగమును దృష్టిలో నుంచుకొని గాక, కనీసము రెండు మూడు దారులు మిగులునట్లుగ గ్రూపును ఎన్నుకొనవలెను. ఉపాధ్యాయుడు కాదలచినవారు ఏ గ్రూపుతోనైనను ప్రాథమిక శిక్షణకు పోవచ్చును; కాని ఉన్నత పాఠశాలలో గణితము బోధింపదలచినవారు డిగ్రీవరకు గణితమును విడువరాదు. అట్లు విడువనివారికి ఉపాధ్యాయ పదవి దొరకకున్నను ఇతర పోటీ పరీక్షలు, కంప్యూటరు విద్య మిగిలియుండును.

భాష కూడ ఒక తలుపే

మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకముగ చెప్పవలసినది రెండవ భాషను గూర్చి. మార్కులు సులభముగా వచ్చునని ఉర్దూను విడిచి వేరొక భాషను తీసికొనుట కొందరి అలవాటు. 1998లో హైదరాబాదున నెలకొనిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయములో ప్రవేశమునకు క్రింది తరగతులలో ఉర్దూ మాధ్యమముగానో పాఠ్యాంశముగానో చదివియుండవలెను. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ పదవులకును ఆ భాషలో చదువు అవసరము. 2016లో కర్నూలున డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయమును ఏర్పడినది. పది మార్కుల లాభమునకై ఈ తలుపులను మూసికొనుట తెలివి కాదు. తెలుగును ప్రధానముగ చదువువారికిని ఇదే న్యాయము వర్తించును.

ఎన్నుకొను విధానము

ఇంతవరకు చెప్పినదానిని ఆచరణలో పెట్టుటకు విద్యార్థి తనను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: నేను చేరదలచిన కోర్సు ఏ పాఠ్యాంశములను తప్పనిసరిగా కోరుచున్నది? దీనికి జవాబు ఊహతో గాక, ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటన చదివి తెలిసికొనవలెను. నియమములు మారుచుండును. 2025-26 నుండి మన బోర్డు గణితమును జీవశాస్త్రమును కలిపి చదువు వీలు కల్పించినది. అది రెండు వైపుల తలుపులను తెరచియుంచును. కాని బరువును పెంచును. మోయగలవారే దానిని ఎత్తుకొనవలెను.

రెండవది: ఆ పాఠ్యాంశములను రెండేండ్లు ఓపికతో చదువగలనా? తలుపులు ఎక్కువ యని ఎం.పి.సి.లో చేరి గణితములో తప్పినవానికి ఏ తలుపును తెరచుకొనదు. ఇష్టముతో చదివి ఉత్తీర్ణుడైన హెచ్.ఇ.సి. విద్యార్థి అతనికన్న ముందుండును. పదవ తరగతి మార్కులకన్న, ఏ పుస్తకమును తనంతట తాను తీసి చదువుచున్నాడో అది మేలైన సాక్ష్యము.

మూడవది: అనుకొన్నది జరుగకున్న నాకు మిగులు దారి ఏది? వైద్యసీటు రానివారికి నర్సింగు, వ్యవసాయము, జీవశాస్త్రములలో పట్టము కలవు. త్వరగా సంపాదన అవసరమైన ఇంటివారు పాలిటెక్నిక్‌ను మరువరాదు. పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా పొందవచ్చును. పాడేరులోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ కలదు. డిప్లొమా ముగించినవారు ఈసెట్‌ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. వ్యవసాయ డిప్లొమా వారికి అగ్రిసెట్ ఇట్టిదే.

సంఘము వారికి విన్నపము

విద్యార్థి ఎంత ఆలోచించినను, చెప్పువారు లేనిచో ఆ ఆలోచన చీకటిలో నడక వంటిదే. కనుక కళాశాల సంఘము వారికి మా విన్నపములు కొన్ని. ప్రవేశముల గడువునకు ముందుగ ప్రతి గ్రూపు అధ్యాపకుడు ఒక్కొక్కరు తమ గ్రూపు తెరచు తలుపులను, మూయు తలుపులను విద్యార్థులకును తలిదండ్రులకును కలిపి వివరింపవలెను. ఆ పట్టికను తెలుగున, ఉర్దూలో వ్రాయించి ప్రకటన ఫలకముపై ఉంచవలెను. ఖాళీ సీట్లు నింపుటకై విద్యార్థిని ఒక గ్రూపువైపు త్రోయరాదు. ఆ సీటు ఒక సంవత్సరమునకు నిండును గాని, ఆ విద్యార్థి భారమును జీవితాంతము మోయును. చేరిన మొదటి నెలలో గ్రూపు తనకు సరిపడదని గ్రహించినవానికి, నిబంధనలు అనుమతించినంతవరకు, మారుటకు సాయపడవలెను.

విద్యార్థులారా! మీ గ్రూపును మీ స్నేహితుడు చదువడు, మీ మేనమామ చదువడు; మీరే చదువవలెను. దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు ఒక కాగితమును రెండు భాగములు చేసి, తెరచుకొను తలుపులను ఒక ప్రక్క, మూతపడు తలుపులను మరియొక ప్రక్క వ్రాసి చూడుడు. మూతపడువానిలో మీరు మనసార కోరునది ఒక్కటైనను ఉన్నచో కలమును ప్రక్కన పెట్టి మరల ఆలోచింపుడు. లేనిచో ధైర్యముగ సంతకము చేసి, ఆనాటినుండియే చదువుట ఆరంభింపుడు.