గోకులం షెడ్డు వచ్చింది సరే, మరి పొదుగు సంగతి?

మినీ గోకులం షెడ్లు పొందిన పాడి రైతులకు, అక్కచెల్లెళ్ళకు
(దుత్తలూరు, ఉదయగిరి, వింజమూరు, వరికుంటపాడు మండలాలు)

షెడ్డు మంజూరైంది, రేకులు ఎక్కాయి, బిల్లు పడింది, ఫొటో కూడా దిగాం. ఇక పథకం పని అయిపోయినట్టే అనుకుంటాం. ఉపాధి హామీ నిధులతో కట్టే ఈ షెడ్ల ఖర్చులో 90 శాతం ప్రభుత్వం పెడితే, 10 శాతం రైతు పెట్టుకుంటారు. రెండు పశువులకు, నాలుగింటికి, ఆరింటికి సరిపడేలా మూడు రకాలు ఉన్నాయి. 2025 జనవరి 10న పిఠాపురంలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారి చేతుల మీదుగా రాష్ట్రంలో 12,500 షెడ్లు ప్రారంభమయ్యాయి. ఇదంతా మీకు తెలిసిందే. ఈసారి చెప్పేది షెడ్డు గురించి కాదు. అందులో పడుకునే బర్రె పొదుగు గురించి.

ఎందుకంటే, దుత్తలూరు మండలంలో షెడ్డు ఫొటోల కోసం తిరిగినప్పుడు ఒక అక్క షెడ్డు చూపించి, ఆ తర్వాత బర్రెను చూపించింది. షెడ్డు అద్దంలా ఉంది. బర్రె కూడా నిగనిగలాడుతోంది. కానీ వెనక ఎడమ చన్ను నుంచి పాలు రావడం లేదు. "రోజూ రెండు పూటలా పైపు పెట్టి కడుగుతాను సార్. ఒంటి మీద ఈగ వాలనివ్వను. అయినా ఎందుకిట్టయిందో?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. నేను జర్నలిజం చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. పశువైద్యులను అడిగి తెలుసుకున్నాక అర్థమైంది: ఆ అక్క శుభ్రం చేయకపోవడం వల్ల కాదు, శుభ్రం చేసిన తీరు వల్లే ఇబ్బంది వచ్చి ఉండొచ్చు. ఆమె బర్రెను కడిగేది సరిగ్గా పాలు పితికే ముందు.

నీళ్ళు ఎక్కడికి పోతాయి?

వీపు మీద నీళ్ళు పోస్తే అవి ఎక్కడికి పోతాయో ఒకసారి నిలబడి చూడండి. డొక్కల మీద ఎండిన పేడ, తొడల మీది బురద, తోకకు అంటిన మురికి, అన్నిటినీ కరిగించుకుని కిందికి జారతాయి. జారి జారి చేరేది పొదుగు మీదికే. పొదుగు మీద నుంచి చన్నుల చివరికి వచ్చి బొట్లు బొట్లుగా వేలాడతాయి. అదే సమయంలో మనం కూర్చుని పితుకుతాం. ఆ మురికి నీటి బొట్టు కొంత బిందెలో పడుతుంది, కొంత చన్ను రంధ్రం దగ్గరే ఉండిపోతుంది.

పాలు పితికిన తర్వాత చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంట నుంచి గంట దాకా తెరుచుకునే ఉంటుంది. అప్పుడు తడి నేల మీద పడుకుంటే, లేదా చన్నుకు మురికి తడి అంటుకుని ఉంటే, సూక్ష్మక్రిములు నేరుగా లోపలికి పోతాయి. దాంతో వచ్చేదే పొదుగు వాపు జబ్బు. ఆవుతో పోలిస్తే బర్రె చన్ను రంధ్రం కొంచెం బిగువుగా ఉంటుంది కాబట్టి బర్రెకు కొంత రక్షణ ఉంది. అలాగని ఊరుకోవడానికి లేదు. ఈ జబ్బు వచ్చిన చన్ను గట్టిపడిపోతే మళ్ళీ ఆ ఈతలో మామూలుగా పాలు ఇవ్వడం కష్టం. వెనక రెండు చన్నులే ఎక్కువ పాలు ఇస్తాయి, అందులో ఒకటి పోతే నష్టం ఎంతో మీకే బాగా తెలుసు. అమ్ముదామని సంతకు తోలినా, కొనేవాడు ముందు చెయ్యి పెట్టేది పొదుగు మీదే కదా.

కాబట్టి ముఖ్యమైన మాట ఇది. ఒళ్ళు కడగడం వేరు, పాలకు ముందు పొదుగు తుడవడం వేరు. రెండూ ఒకేసారి చేయొద్దు.

ఒళ్ళు తోమేటప్పుడు

మన మెట్ట ప్రాంతంలో రోహిణి ఎండలకు, నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళ రోజుల దాకా, బర్రెకు నీళ్ళు పోయక తప్పదు. బర్రెకు చెమట తక్కువ, నల్లటి తోలు, ఎండకు తట్టుకోలేదు. పోయండి, కానీ మధ్యాహ్నం పూట పోయండి. సాయంత్రం పితికే వేళకు ఒళ్ళు, పొదుగు పూర్తిగా ఆరి ఉండాలి.

చెరువుకు తోలేవాళ్ళు ఒకటి గమనించండి. వేసవిలో చెరువులో మిగిలేది నీళ్ళు కాదు, బురద. బర్రె పొర్లి వచ్చాక ఆ బురద పొదుగు మడతల్లో, తొడకూ పొదుగుకూ మధ్య ఎండి పెచ్చులు కడుతుంది. దాన్ని గోటితో గీకితే చర్మం చిట్లుతుంది. ముందు తడిగుడ్డతో నానబెట్టి మెత్తగా తీయాలి. కొబ్బరి పీచు, గరుకు బ్రష్షు డొక్కల దాకానే. పొదుగు మీద మెత్తటి గుడ్డ, చెయ్యి తప్ప ఇంకేదీ వాడొద్దు. బట్టల సబ్బు, సర్ఫు అసలే వద్దు. చర్మం పొడిబారి పగులుతుంది, ఆ పగుళ్ళే క్రిములకు దారి.

తోమే వరుస పైనుంచి కిందికి. మెడ, వీపు, డొక్కలు, తొడలు, తోక, చివరికి పొదుగు. పొదుగుకు వేరే నీళ్ళు, వేరే గుడ్డ. పొదుగు మీద, తొడల లోపల పొడుగ్గా పెరిగిన వెంట్రుకలను నెలకోసారి కత్తెరతో కురచ చేయండి. వాటికి పేడ వేలాడి, పితికేటప్పుడు పాలలోకి రాలుతుంది. తోక కుచ్చు కూడా అంతే, పొదుగు మీద మురికిని పూసేది అదే.

పడ్డల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి ఈత పడ్డ పొదుగు ముడితే కాలు విసురుతుంది. ఈనిన రోజే మొదటిసారి చెయ్యి పెడితే దానికీ బెదురే, మనకీ దెబ్బే. చూడితో ఉన్న చివరి రెండు నెలల్లో రోజూ తోమేటప్పుడు పక్కనే ఒదిగి నిలబడి, డొక్క మీద నుంచి చెయ్యి తీయకుండా మెల్లగా పొదుగు దాకా తీసుకుపోవడం అలవాటు చేయండి. పితకొద్దు, ఊరికే తాకడమే. వెనక నుంచి చటుక్కున చెయ్యి పెట్టొద్దు.

ఇదే పద్ధతి గుర్రాలకూ పనికొస్తుంది. పెళ్ళి ఊరేగింపులకు ఆడగుర్రాన్ని పెంచుకునేవాళ్ళు ఎవరైనా ఈ గ్రూపుల్లో ఉంటే వాళ్ళ కోసం ఓ నాలుగు మాటలు. ఆడగుర్రానికి చన్నులు రెండే, తొడల మధ్య లోపలికి ఉంటాయి. ఆ రెంటి మధ్య సందులో నల్లటి జిడ్డు మట్టిలా పేరుకుంటుంది. దురద పుట్టి గుర్రం తోకను గోడకేసి రుద్దుకుంటుంది. తోకలో పురుగో, పొట్టలో పురుగో అనుకుని మందులు పోయడానికి ముందు ఓసారి ఆ సందు కూడా చూడండి. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో నానబెట్టి తీసి, పొడిగుడ్డతో ఆర్పితే చాలు. వెనక కాళ్ళ ఎదుట కాకుండా పక్కన నిలబడి చేయండి.

పాలకు ముందు

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్ళు కత్తిరించి ఉండాలి. దూడను వదిలి చేపుకు తెచ్చుకుంటే, దూడ నోటి సొంగ చన్నులకు ఉంటుంది కాబట్టి దూడను కట్టేశాక చన్నులు తుడవాలి, ముందు కాదు. చాలా ఇళ్ళల్లో ముందు కడిగి తర్వాత దూడను వదులుతారు. ఆ కడగడం వృథా.

చన్నులు తుడవడానికి పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్ళు వాడమని పశువైద్యులు చెబుతారు. దాన్ని తూచే తక్కెడ మన దగ్గర ఉండదు. చిన్న పలుకు వేసి కలిపితే నీళ్ళు గులాబీ రంగుకు వస్తే చాలు. వంకాయ రంగు వచ్చిందంటే ఎక్కువైనట్టే, చర్మం మండుతుంది. ఆ నీళ్ళలో గుడ్డ పిండి చన్నులు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. ఈ రెండో తుడుపే అసలైంది. పొదుగు మొత్తం తడపాల్సిన పనే లేదు. ఒక్కో పశువుకు ఒక్కో గుడ్డ. ఒకే గుడ్డతో నాలుగు బర్రెల్ని తుడిస్తే ఒకదాని జబ్బు నాలుగింటికీ మనమే పంచినట్టు. పాత చీర ముక్కలు చాలు, ఉతికి ఎండలో వేస్తే మళ్ళీ వాడొచ్చు.

ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో, దాని మీద నల్లగుడ్డ కట్టి, అందులోకి పితకండి. నలకలు, గడ్డలు, నీళ్ళలాంటి పాలు, పసుపు చార, రక్తపు చార ఏది కనబడినా నల్లగుడ్డ మీద ఇట్టే తెలిసిపోతుంది. ఆ ధారల్ని నేల మీద పారబోయొద్దు, షెడ్డు నేలకు జబ్బు అంటించినట్టవుతుంది.

పితకడం అంటే గుప్పిట పట్టి పిండాలి. బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి లాగే అలవాటు మనవాళ్ళకు చాలామందికి ఉంది. దాంతో చన్ను లోపలి పొర దెబ్బతింటుంది. చేతిని పాలలో తడుపుకుంటూ పితకడం కూడా మానేయాలి. చేపు రాలేదని సూది వేయించడం గురించి ఇక్కడ రాయను, అది చేయకూడదని అందరికీ తెలుసు, అయినా చేస్తున్నారు.

పితికాక

ఇక్కడే చాలామంది లేచి వెళ్ళిపోతారు. పశువైద్యశాలలో చెప్పిన పాళ్ళలో అయోడిన్ మందు నీళ్ళు చిన్న గ్లాసులో పోసుకుని నాలుగు చన్నులనూ ఒక్కొక్కటిగా ముంచండి. తర్వాత మేత వేయండి. మేత ముందే వేస్తే పితకడం అయ్యేసరికి తినేసి పడుకుంటుంది. పితికాక వేస్తే కనీసం అరగంట నిలబడి తింటుంది, ఈలోగా చన్ను రంధ్రం మూసుకుంటుంది. ఖర్చు లేని వైద్యం ఇది. పద్ధతులన్నిటిలోనూ నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే దీనికి కొనాల్సింది ఏమీ లేదు, వరుస మార్చుకుంటే చాలు.

జబ్బు బర్రె ఉంటే దాన్ని అన్నిటికన్నా చివర పితకండి.

షెడ్డు నేల

మన జిల్లాకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు షెడ్డు నేల ఆరదు. నేల కాలవ వైపు వాలుగా ఉందా లేదా అని ఒక బకెట్టు నీళ్ళు పోసి చూడండి. ఎక్కడైనా నీళ్ళు నిలిస్తే అది బర్రె పడుకునే చోటు అయినా అయి ఉంటుంది. ఆ గుంటను సిమెంటుతో పూడ్చండి. ముసురు పట్టినప్పుడు పేడ ఎత్తాక పొడి సున్నం చల్లి, పడుకునే చోట ఎండుగడ్డి గానీ పొడి ఇసుక గానీ వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. గరుకు గచ్చు మీద చన్నులు ఒరుసుకుని గీరుకుపోతాయి కాబట్టి కూడా ఇది అవసరం.

కనబడని జబ్బు

పొదుగు ఎర్రబడి, వేడిగా, రాయిలా ఉంటే అందరికీ తెలుస్తుంది. అసలు నష్టం చేసేది పైకి కనబడని రకం. పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి, పాల కేంద్రంలో వెన్న, ఎస్ఎన్ఎఫ్ పడిపోయి రేటు తగ్గుతుంది. మనం మేత తప్పనుకుంటాం, లేదా మిషన్ మోసమనుకుంటాం. నాలుగు గుంటల పళ్ళెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పితికి, ద్రావణం కలిపి తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. దీన్ని సీఎంటీ పరీక్ష అంటారు. నిమిషం పని. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులను గానీ పశువైద్యశాలలో గానీ అడగండి.

వాపు మొదలైన రోజే డాక్టరుకు చూపించాలి. దాంతోపాటు ఇంట్లో చేసుకోదగ్గ పూత ఒకటి జాతీయ పాడి అభివృద్ధి మండలి సూచించింది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి ముద్దగా నూరాలి. పాలు పూర్తిగా పిండేసి, పొదుగు కడిగి, ఆ ముద్దలో గుప్పెడు తీసుకుని గ్లాసుడు నీళ్ళలో పలచన చేసి పొదుగంతా పూయాలి. రోజుకు పది సార్లు, ఐదు రోజులు. ముద్ద ఏ రోజుది ఆ రోజే నూరుకోవాలి. రెండు పూటలు పూసి 'పని చేయలేదు' అంటే కుదరదు. జ్వరం ఉన్నా, మేత మానేసినా, పాలలో రక్తం పడుతున్నా పూతతో ఆగొద్దు.

సూదిమందు మొదలుపెడితే డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించాలి. వాపు దిగిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. ఆ రోజుల్లో, ఆపైన డాక్టరు చెప్పిన గడువు దాకా, ఆ పాలు కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో పిల్లలకూ పెట్టొద్దు. ఇది బాధగానే ఉంటుంది, తెలుసు.

ఈనడానికి రెండు నెలల ముందు బర్రెను వట్టిపోయేలా చేసే రోజుల్లో, మళ్ళీ ఈనిన మొదటి వారాల్లో ఈ జబ్బు ఎక్కువ. పితకడం ఆపిన రోజున చన్నుల్లోకి ఎక్కించే మందు ట్యూబులు ఉంటాయి, అవసరమా కాదా డాక్టరునే అడగండి. పితకడం లేదు కదా అని ఆ రెండు నెలలు పొదుగు చూడకుండా వదిలేయొద్దు. తోమేటప్పుడు ఓ చెయ్యి అటు కూడా పోనివ్వండి.

బర్రెను తోలుకుని పశువైద్యశాలకు రాలేకపోతే 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం కోసం ఉన్న ఉచిత నంబరు అది. ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతోపాటు ఈ నాలుగూ చెప్పండి: ఏ చన్ను, ఎప్పటి నుంచి, ఈని ఎన్నాళ్ళయింది, పాలు ఏ రంగులో వస్తున్నాయి. వాళ్ళు వచ్చేలోపు ఆ చన్ను పాలు పిండి వేరే గిన్నెలో తీసి పెట్టండి, పారబోయకుండా. చూడాల్సింది ముందు వాటినే.